గడ్డ మీద ఎదురు పడిన ఓటు

గడ్డ మీద ఈసారి పోలింగు బూత్ ఉండదని మొదట చెప్పింది మా అమ్మాయి కవిత. తారానగర్‌లో బడి పంతులమ్మగా చేస్తోంది కాబట్టి ఎన్నికలు వచ్చాయంటే దానికి డ్యూటీ తప్పదు. ట్రైనింగుకు పోయినప్పుడు ఎవరో మాటల్లో చెప్పారట, ఓటర్లు బాగా తగ్గిపోయిన బూత్‌లను పక్క బూత్‌లలో కలిపేస్తున్నారని, మా గడ్డ ఓట్లు కూడా ఒడ్డున ఉన్న బడిలోకి మార్చేశారని. ఫోను పెట్టేసి అమ్మకు ఆ సంగతి చెప్పాను. బళ్లారి కౌల్ బజార్ వెనక సందులో మా ఇల్లు. అమ్మ నా దగ్గరికి వచ్చి ఏళ్లు గడిచాయి గానీ ఓటు మాత్రం ఇక్కడికి మార్పించనివ్వలేదు. వాకిట్లో కూర్చొని కొర్రలు చెరుగుతోంది. చేట ఆపి, "అయితే ఈ తూరి ఏరు దాటే పని లేదా?" అని అడిగింది. లేదన్నాను. ఇంత వయసు వాళ్లకు ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటున్నారట, ఇకనైనా ఇక్కడికి మార్పించుకుందామా అన్నాను. "ఇంట్లో వద్దు. ఇంట్లో వేస్తే అందరూ చూస్తాంటారు," అని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. అమ్మ మొండితనం నాకు కొత్త కాదు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. అది మొండితనం కాదని తెలియడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది.

గడ్డ అంటే తుంగభద్ర నడుమ ఉన్న మా ద్వీపం. పటంలో దానికి వేరే పేరు ఏదో రాసుంటారు, మేం మాత్రం గడ్డ అనే అంటాం. అవతల బస్సు ఆగే ఊరిని ఒడ్డు అంటాం. కంప్లి దిక్కున ఏరు రెండుగా చీలి మళ్లీ కలిసే చోట కొంచెం రాయి, కొంచెం ఒండ్రు, దాని మీద మా ఇళ్లు, వరి మళ్లు, ఒక్క గదిలో బడి, దాని పక్కన ఆంజనేయుడి గుడి. ఇళ్లలో తెలుగు, సంతలో కన్నడం, పాత సామాన్ల సాయిబు వస్తే ఆయనతో ఆయన మాట. ఒడ్డుకు పోవాలంటే మా తాత పుట్టి ఒక్కటే దిక్కు. వెదురు అల్లి, పైన తోలు కప్పి, తారు పూసిన ఆ గుండ్రటి పుట్టిని నేను నడక కంటే ముందు ఎరుగుదును. ఎండాకాలంలో తాత దాన్ని వాకిట్లో బోర్లించి కొత్త తారు పూసేవాడు. ఆ కాగిన తారు వాసన, జేజి అని మేం పిలిచే మా నాయనమ్మ పెనం మీద కాల్చే జొన్నరొట్టె వాసన, రెండూ కలిసి మా ఇంట్లో ఎన్నికల వాసన అయిపోయాయి. మా చిన్నతనంలో ఎన్నికలు ఎక్కువగా ఎండల్లోనే వచ్చేవి.

దేశంలో ఓట్లు మొదలైనప్పటి నుంచి గడ్డ మీద బూత్ ఉండేదని తాత గొప్పగా చెప్పుకునేవాడు. మొదటిసారి పెట్టె వచ్చినప్పుడు పుట్టిలో నీళ్లు చిమ్ముతాయని దాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ఆఫీసరు ఏరు దాటేదాకా కళ్లు తెరవలేదట. ఆ ఏడు ఆడవాళ్లలో సగం మంది తమ పేరు చెప్పడానికి సిగ్గుపడి ఫలానావాడి పెళ్లామని మాత్రం చెప్పారట. ఓటు వేయడానికి మరుగు కావాలని ఆఫీసరు అడిగితే తాత తన నల్ల కంబళి తెచ్చి బడి మూలలో అడ్డంగా కట్టాడు. అప్పటి నుంచి ప్రతి ఎన్నికకూ మా ఇంటి కంబళే కట్టేవారు. చలికాలంలో కప్పుకుంటే దాంట్లో లక్క వాసన వస్తోందని జేజి సణిగేది. ఆ లక్క పెట్టెకు సీలు వేసేటప్పుడు కరిగించినది, కంబళికి ఎప్పుడో అంటుకొని మరి వదల్లేదు.

ఓట్లు అడిగేవాళ్లు వచ్చే రోజుల్లో తాతకు ఒక పద్ధతి ఉండేది. ఏ పార్టీ జెండా అయినా సరే పుట్టి ఎక్కకూడదు. "జెండా ఆడ పెట్టు. మనిషి మాత్రం ఎక్కప్పా," అనేవాడు. ఎంత పెద్ద నాయకుడైనా ఒడ్డున రాయి కింద జెండా పెట్టి రావలసిందే. నడి ఏట్లో ఇద్దరు వాదులాడుకొని లేచి నిలబడితే మునిగేటప్పుడు పుట్టి పార్టీ చూడదని ఆయన లెక్క. మేం పిల్లలం ఒడ్డుకు పోయినప్పుడు ఒకే రాయి కింద రెండు మూడు రంగుల గుడ్డలు ఒకదాని మీద ఒకటి పడుండటం చూసేవాళ్లం. ఆఫీసర్లు మా ఇంటి అరుగు మీదే పడుకునేవారు, మా ఇంటి రొట్టే తినేవారు. కాబట్టి ఆ నెలంతా మా ఇంట్లో ఎవరూ ఏ గుర్తు పేరూ పలకరాదని జేజి కట్టడి. ఎవరి గుర్తయినా నిచ్చెన అయిందంటే ఇంట్లో నిచ్చెనకు పేరు పోయినట్టే. "ఆ అటక ఎక్కేది పట్టుకురా," అనేది జేజి. మేం నోరు జారితే కళ్లెర్రజేసేది. మరీ విడ్డూరం కాకపోతే, వాళ్లకు వినబడితే ఏమవుతుందని ఒకసారి అడిగాను. మన ఉప్పు తినే మనిషికి మన మనసు తెలియగూడదని చెప్పింది. ఇప్పుడు తలుచుకుంటే అంత మర్యాద నాకు మళ్లీ ఎక్కడా కనబడలేదు.

వచ్చిన ప్రతివాడూ వంతెన కట్టిస్తాననే చెప్పేవాడు. పార్లమెంటుకు నిలబడినవాళ్లూ అదే, అసెంబ్లీకి నిలబడినవాళ్లూ అదే. ఒకాయన ఒడ్డున కొబ్బరికాయ కొట్టి రాయి పాతి పోయాడు. మరొకాయన ఆ రాయి పక్కన ఇంకో రాయి పాతాడు. ఆడవాళ్లు వాటి మీద బట్టలు ఉతికేవారు. వానాకాలంలో డ్యాము గేట్లు ఎత్తితే ఏరు ఎర్రగా పొంగి గడ్డకు రాకపోకలు ఆగిపోయేవి. అప్పుడు జ్వరమొచ్చినా, పురిటినొప్పులొచ్చినా దేవుడికి దండం పెట్టుకొని కూర్చోవలసిందే. అందుకే, నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు వచ్చిన పార్లమెంటు ఎన్నికలకు మా పెదనాయన తిమ్మప్ప ఒక ఆలోచన చేశాడు. ఆయన మా నాయనకు అన్న. ఒడ్డుకు పోయి పెద్దవాళ్లతో కన్నడంలో ధాటిగా మాట్లాడగల మనిషి, గడ్డ మీద ఆయన మాటకు ఎదురు లేదు. గడ్డ ఓట్లన్నీ, ఒక్కటి కూడా పోకుండా, ఒకే అభ్యర్థికి వేస్తే వంతెన ఖాయమని ఆ అభ్యర్థి మనుషులు ఆయనకు మాట ఇచ్చారు.

గుడి ముందర అందరూ కూడారు. తాత పుట్టిని బోర్లించి మధ్యలో పెట్టారు. గడ్డ మీద పెద్ద మాట ఏదైనా పుట్టి అంచు పట్టుకొనే ఇచ్చేవారు. అలా ఒట్టు పెట్టి తప్పినవాడిని ఏరు దాటనివ్వదని నమ్మకం. మగవాళ్లు, ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అంచు ముట్టుకుంటున్నారు. మా అమ్మ హనుమక్క వంతు వచ్చింది. అమ్మ పుట్టిల్లు ఏటికి అవతల ఆంధ్రా దిక్కు. బెల్లం చుట్టి వచ్చిన కాగితం ముక్క దొరికినా చదవకుండా పారేయదు. అంచు మీద చెయ్యి పెట్టబోయి ఆగి, తాత దిక్కు తిరిగి, "అన్నీ ఒకరికే వేసినాక ఆ యప్ప వంతెన కట్టకుంటే ఏం జేస్తాం మామా?" అని అడిగింది. పెదనాయన ముఖం నల్లబడింది. నాయన నేల చూపులు చూశాడు. అమ్మ ముసుగు సర్దుకొని, పుట్టి అంచు ముట్టుకొని, నా పక్కకు వచ్చి నిలబడింది. ఆ ఒక్క ప్రశ్న ఆమెను బతుకంతా వెంటాడింది.

పోలింగు రోజు మామూలుగానే జరిగింది. పొద్దున ఆఫీసర్లకు జేజి, అమ్మ ఉగ్గాణి చేసి, మిరపకాయ బజ్జీలు వేశారు. గడ్డకు మొదటిసారి ఏజెంటు అంటూ ఒకరు కూర్చున్నారు, అది పెదనాయనే. మధ్యాహ్నానికే గడ్డంతా ఓట్లు వేసేసింది. ఇక వచ్చేవాళ్లు లేరని పెదనాయన ఇంటికి పోయి తిని, పుట్టి సంగతి చూడటానికి రేవుకు పోయాడు. సాయంత్రం పెట్టెకు సీలు వేశాక ఆఫీసర్లు తినడానికి మా ఇంటికి వచ్చారు. చేతుల మీద నీళ్లు పొయ్యడం నా పని. వాళ్లలో అందరికంటే చిన్న ఆఫీసరు, ఏదో ఊళ్లో కొత్తగా బడి పంతులుగా చేరినాయన, చెంబు కింద వేలు పెట్టి పదే పదే రుద్దుతున్నాడు. వేలి మీద సిరా గుర్తు నల్లగా, తడిగా ఉంది. అమ్మ దిక్కు తిరిగి కన్నడంలో "హుణసెహణ్ణు ఇదెయా అమ్మా?" అని అడిగాడు. అమ్మ లోపలికి పోయి కొంచెం చింతపండు తెచ్చి ఇచ్చింది. దగ్గర్లోనే తన పెళ్లి ఉందని, ఫోటోల్లో వేలు నల్లగా పడుతుందని ఆయన నవ్వుతూ చెబితే తక్కిన ఆఫీసర్లు కూడా నవ్వారు. ఆ సిరా చింతపండుకు లొంగేది కాదు. నేను ఇంకో చెంబు నీళ్లు పోశాను. పిల్లను, సిరా పని చేసేవాళ్లకు సిరా అంటదా అని అనుకొని మరిచిపోయాను.

ఓట్ల లెక్కింపుకు పెదనాయన బళ్లారికి పోయాడు. మా పెట్టె చిన్నది, దాన్ని విప్పి లెక్కపెడుతుంటే ఎదురుగానే నిలబడ్డాడు. ఒప్పుకున్న అభ్యర్థి గుర్తు మీద ఓట్లు వరసగా పడుతూ పోయాయి. చివర్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, ఎదుటి పార్టీకి పడింది. పక్కనున్న వాళ్లు నవ్వారట. అభ్యర్థి గెలిచాడు గానీ ఆయన మనుషులు పెదనాయనతో, "మీ గడ్డ పూర్తిగా మాది కాదు గదప్పా," అన్నారట. వాళ్లు నిజంగా ఆ ఒక్క ఓటు కోసమే వంతెన మానుకున్నారని ఈ రోజు నేను నమ్మను. కానీ గడ్డ నమ్మింది. పెదనాయన తిరిగొచ్చిన రోజు మా వాకిట్లో నిలబడి అమ్మ పేరు పెట్టి పిలవలేదు. తాతతో, "పుట్టి ముందర నోరు తెరిచింది ఎవురో నీకు తెలుసు," అని మాత్రం అని వెళ్లిపోయాడు. నాయన భోజనం దగ్గర కూర్చొని, అమ్మ వడ్డిస్తుంటే, "వేసినావా?" అని అడిగాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని ఆయన ఒప్పుకోలుగా తీసుకున్నాడు, ఊరూ అలాగే తీసుకుంది.

ఆ తర్వాత అమ్మకు గడ్డ మీద పేరు మారింది. ఎదురోటు హనుమక్క. నాట్లు వేసేటప్పుడు ఆమెకు అటొక జాన ఇటొక జాన ఖాళీ వదిలేవారు. అన్నిటికంటే బాధ పుట్టి దగ్గర. ఒట్టు తప్పిన మనిషితో ఒకే పుట్టిలో కూర్చుంటే ఏరు ఊరుకోదని ఆడవాళ్లు ఆమె ఎక్కితే దిగిపోయేవారు. సంతకు పోవాలన్నా, పుట్టింటికి పోవాలన్నా అందరూ దాటిపోయేదాకా అమ్మ రేవులో గంపతో కూర్చొనేది. అందరినీ దించి వచ్చిన తాత, నడుము పట్టేసినా సరే, మళ్లీ ఒక తిరుగుడు ఆమె ఒక్కదాన్నే కూర్చోబెట్టుకొని దాటించేవాడు. ఆయన ఆమెను ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఆమె తరఫున ఎవరితోనూ ఏమీ అనలేదు. మంచివాడే, కానీ ఒక్క మాట అనుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కోపం. ఆమె ఒక్కతే కూర్చున్న ఆ పుట్టి ఏ రోజూ మునగలేదు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

మరుసటి వానాకాలంలో పెదనాయన కూతురు గంగకు జ్వరం వచ్చింది. గంగ నా ఈడుది, బడికి నేనూ తనూ కలిసే పోయేవాళ్లం, ఒకే పలక మీద వంతులేసుకొని రాసేవాళ్లం. ఏరు నిండుగా పోతోంది. తాత రెండుసార్లు పుట్టి నీళ్లలోకి దించి, సుడి చూసి, వెనక్కి తెచ్చాడు. నీళ్లు తగ్గేలోపు గంగ పోయింది. దాన్ని తీసుకుపోతున్నప్పుడు పెదనాయన మా వాకిటి ముందు ఆగి, ఆ ఒక్కసారే అమ్మ ముఖం చూసి మాట్లాడాడు. "నీ ఒక్క ఓటు," అన్నాడు. ఇంకేమీ అనలేదు. అమ్మ గడప పట్టుకొని నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకొని ఉన్నాను. గంగ చావుకు మా అమ్మ కారణమని నమ్ముతూ పెరిగిన పిల్లను నేను. అమ్మను ప్రేమించాను గానీ, లోపల ఎక్కడో ఆమెను ఆ మాట అడగలేక, అడగకుండా ఉండలేక పెరిగాను.

తర్వాతి ఎన్నికలకు ఎవరూ పుట్టి బోర్లించలేదు. గడ్డ ఓట్లు అటు సగం ఇటు సగం పడ్డాయి. ఒకసారి అసలు వేసేది లేదని భీష్మించుకు కూర్చుంటే ఒడ్డు నుంచి ఎవరో అధికారి వచ్చి బతిమాలి వేయించాడు. ఆ తర్వాత ఆఫీసర్లు తమ భోజనం తామే తెచ్చుకోవడం మొదలైంది. కంబళి పోయి అట్టపెట్టె వచ్చింది. కాగితం పోయి మిషను వచ్చింది, అది కూత పెడితే జేజి ఉలిక్కిపడి వెనక్కి వచ్చేసింది. తాత, నాయన పోయారు. ఒక పెద్ద వరద తర్వాత చాలా కుటుంబాలు ఒడ్డున ఇచ్చిన స్థలాల్లో ఇళ్లు వేసుకున్నాయి. గడ్డ మీద పంపుసెట్లు, నాలుగు కొట్టాలు మిగిలాయి. ఇన్ని మారినా ఒక్కటి మారలేదు. నేను ఏ ఉద్యోగంలో ఎంత దూరంలో ఉన్నా అమ్మ ప్రతి ఎన్నికకూ నన్ను వెంటబెట్టుకొని గడ్డకు పోయేది. ఓటు దగ్గర అందరికంటే ఎక్కువసేపు లోపల ఉండేది. కళ్లు సరిగా కనబడవేమో అనుకునేదాన్ని.

పోలింగుకు ముందు రోజు సాయంత్రం కవిత మళ్లీ ఫోను చేసింది. డ్యూటీ పడిన ఊరికి చేరానని, తిన్నానని చెప్పింది. నీ ఓటు పోయినట్టేనా అన్నాను. "ఎందుకు పోతాది? ఈడనే వేస్తా," అంది. ఆ ఊళ్లో నీ పేరు లేదు గదా అన్నాను. "డ్యూటీ సర్టిఫికెట్ ఇస్తారమ్మా. ఇదే నియోజకవర్గం వాళ్లమైతే డ్యూటీ పడిన బూత్‌లోనే వేసుకోవచ్చు. కొత్తదేం కాదు, మా పాత హెడ్‌మాస్టరు పెట్టెలున్నప్పుడు కూడా అట్లనే వేసేవాడంట." అది ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినబడటం లేదు. చెంబులో నుంచి నీళ్లు, ఆ కింద నల్లటి వేలు, దాని మీద నలిగిన చింతపండు. ఆ చిన్న ఆఫీసరు మా గడ్డ బూత్‌లో తన ఓటు తాను వేసుకున్నాడు. అది మా పెట్టెలో పడింది. తన మనసుకు నచ్చినవాడికి వేసుకున్నాడు, ఆయన తప్పు ఏమీ లేదు. గడ్డ మీద అందరూ ఎదురు పడిన ఒక్కదాన్నే పట్టుకున్నారు. తమవి ఎన్ని పడ్డాయో లెక్క చూసుకొనుంటే ఒక్కటి కూడా తగ్గలేదని అప్పుడే తేలిపోయేది. ఎవరూ చూసుకోలేదు. పెదనాయన అంతటి తెలివైన మనిషికీ తట్టలేదు. ఒట్టు తప్పిన మనిషి ఎవరో ముందే తెలిసినట్టు అనిపించినప్పుడు ఇంక లెక్కతో పనేముంది.

పొద్దున్నే కురుగోడు మీదుగా పోయే బస్సు ఎక్కాం. అమ్మకు కిటికీ పక్కన చోటిచ్చాను. ఊరు దాటేదాకా ఓర్చుకున్నాను గానీ నా వల్ల కాలేదు. "అమ్మా, ఆ ఎదురు పడిన ఓటు నీది కాదు. చిన్న ఆఫీసరుది. ఆయన వేలికి సిరా ఉండె, నేనే నీళ్లు పోస్తిని," అన్నాను. ఈ పొద్దు అందరి ముందర పెదనాయనకు చెప్పి తీరతానన్నాను. పెదనాయన ఇంకా ఉన్నాడు, తొంభై దగ్గర పడి, చూపు దాదాపు పోయి, ఒడ్డున మనవడి ఇంట్లో.

"చింతపండు ఇచ్చింది నేనే గదా," అంది అమ్మ, కిటికీ మీంచి చూపు తిప్పకుండా.

"నీకు తెలుసా?"

"తెల్దా మల్ల? ఊరికే యాలికి సిరా అంటుకుంటాదా? బావ బళ్లారి నుంచి వచ్చి వాకిట్లో నిలబడినప్పుడే తెలిసిపోయె."

"మరి ఎందుకు చెప్పకపోతివి? ఇన్నేండ్లు ఎందుకు పడితివి?"

బయట కాలువ పక్కన మిరప చేలు పోతున్నాయి. అమ్మ ఒళ్లో ఉన్న చేతి సంచి పట్టీని వేలికి చుట్టి విప్పింది. "చెప్తే ఏమని చెప్పల్ల? మీరు చెప్పిన గుర్తుకే నేనూ గుద్ది వస్తినని చెప్పల్ల. అంతే గదా."

"అదే నిజం గదమ్మా."

"నిజమే. నా సిగ్గు కూడా అదే." నా దిక్కు తిరిగింది. "మీ తాత కంబళి ఎనక నిలబడితే నన్ను చూసేటోళ్లు ఎవురూ లేరు. అత్త లేదు, బావ లేడు, మీ నాయన లేడు. పుట్టినప్పట్నుంచి అట్లాంటి చోటు నాకు యాడా దొరకలా. ముద్ర నా చేతిలో ఉండాది. ఈ యప్ప వంతెన కట్టడని నా మనసు చెప్తానే ఉండాది. అయినా చెప్పిన కాడనే గుద్ది, కాయితం మడిచి వేసి వస్తి. చూసేటోడు లేనప్పుడు కూడా వాళ్ల మాటే విన్న్యా. బయటికి వచ్చినాక ఊరంతా ఒకటై, నేను ఎదురు వేస్తినని అనిరి. అనే కొద్దీ నాకేమనిపించె అంటే, నిజంగానే వేసింటే ఎంత బాగుండు అని."

"గంగ పోయినప్పుడు కూడా చెప్పాలనిపించలేదా?" అని అడిగాను. నా చిన్నప్పటి నుంచి అడగలేకపోయిన మాట అది.

"అది మాత్రం మొయ్యలేకపోతి. చెప్పేద్దామని ఒక పొద్దు వాళ్ల వాకిలి దాకా పోతి. బావ ఆ బిడ్డ పావడ ఒళ్లో పెట్టుకొని కూర్చోనుండె. ఆ మనిషికి కోపం చేసుకునేదానికి ఎవురో ఒకరు కావల్ల. ఏటి మీద ఎంతసేపని చేసుకుంటాడు? తిరిగొస్తి." సంచిని ఒళ్లోకి దగ్గరగా లాక్కుంది. "నువ్వు ఈ పొద్దు ఏమీ చెప్పాకు. దాని తర్వాత నేను వేసిన ఓట్లన్నీ నావే. ఒకరు చెప్తే వేసింది ఒక్కటీ లేదు. ఆ పేరు పెట్టినందుకే అట్ల వేయగలిగితినేమో. ఇప్పుడు దాన్ని తీసుకపోయి ఆ పంతులుకు ఇచ్చేస్తే నాకేం మిగుల్తాది?"

అమ్మను నిర్దోషిగా నిలబెట్టాలని పొద్దున్నుంచి నేను కట్టుకొచ్చిన మాటలన్నీ నాకే పనికిరానివిగా తోచాయి. ఒడ్డు చేరేసరికి రోడ్డుకు అటూ ఇటూ జెండాలు, తోరణాలు, బండ్ల మీద మైకులు పెట్టే ఇనుప కడ్డీలు. ఒకప్పుడు ఇవన్నీ ఒక్క రాయి కింద సర్దుకుని ఉండేవని నా పక్కన నడుస్తున్న కుర్రకారుకు చెబితే నవ్వుతారు. ఇప్పుడు ఇంటింటికీ టీవీ ఉంది, చేతి చేతికీ ఫోను ఉంది, ఎవరు ఎవరికి వేస్తారో నెల ముందు నుంచే ఊరంతా చెప్పుకుంటుంది. జేజి ఉంటే ఏమనేదో. అప్పటిదంతా మంచి, ఇప్పటిదంతా చెడు అని మాత్రం నేను అనలేను. ఆ మర్యాదలున్న రోజుల్లోనే మా అమ్మను ఒక్కదాన్నే పుట్టిలో కూర్చోబెట్టారు. దూరంగా ఏటి మీద ఇప్పటికీ వంతెన లేదు. రెండు రాళ్లూ అలాగే ఉన్నాయి, ఎవరో బట్టలు ఉతుకుతున్నారు.

బడి ముందర నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి పెదనాయనను కూర్చోబెట్టారు. మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకొని, వచ్చేపోయే అడుగుల చప్పుడు వింటున్నాడు. వరసలో గడ్డ మనుషులు చాలామందే ఉన్నారు. మనవడు వంగి, బళ్లారి అవ్వ వచ్చినాదని చెప్పాడు. పెదనాయన తల ఎత్తాడు.

"ఎవురు? ఎదురోటు హనుమక్కనా?"

ఆ గొంతులో పాత కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. తెలిసిన మనిషిని తెలిసిన పేరుతో పిలిచాడు, అంతే. వరసలో రెండు మూడు తలలు తిరిగాయి. నా నోటిదాకా మాట వచ్చింది. అమ్మ నా ముంజేయి పట్టుకొని నొక్కింది. తర్వాత వదిలేసి, కొంగు భుజం మీద సర్దుకుంది.

"ఊ బావా. నేనే."

ముసలామె అని వరస పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపల ఆఫీసరు తోడు కావాలా అవ్వా అని అడగడం, వద్దప్పా అని ఆమె అనడం గుమ్మం దగ్గర నిలబడిన నాకు వినబడ్డాయి. వేలికి సిరా వేయించుకొని అట్ట వెనక్కి పోయింది. మిషను కూత పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు.